పని చూపి ఆదుకొన్న క్లౌ దొరగారు



జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికాలో జన్మించారు. భూమి కొలిచే సర్వే పని నేర్చి, తరువాత మిషనరీయై 1866లో ఒంగోలు చేరారు. 1876-78 ధాత కరువులో కూడు లేక అల్లాడినవారి కోసం బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కంట్రాక్టు తీసుకొన్నారు. పనికి వచ్చినవారు బిచ్చం కాదు, కూలి తీసుకొన్నారు. సాయం కోసమే సంఘంలో చేరారన్న మాట రాకుండా దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు నిలిపివేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆయన 1910లో ప్రభువునందు నిద్రించారు.

మన వీధిలో అప్పులపాలైన కుటుంబం ఉంటే, వారు ఏ మతస్థులైనా, పని చూపి కూలి ఇద్దాం. నలుగురిలో చెప్పవద్దు, బదులు కోరవద్దు.