తెలుగు నేర్చుకున్న తమిళ బిషప్

మన పళ్ళిపట్టు పిల్లలూ, మీకు వీధిలో తమిళం, బడిలో తెలుగు కదా! తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య గారు ఇంట్లో తమిళం మాట్లాడుతూ పెరిగినవారే. మద్రాసులో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా మంచి ఉద్యోగం చేసేవారు. దేవుడు పిలుస్తున్నాడని నమ్మి, 1909లో దాన్ని వదిలేసి నిజాం రాజ్యంలోని డోర్నకల్ వెళ్ళారు. అప్పటికే వయసు 30 దాటింది, పైగా భార్యాబిడ్డలున్నారు. అక్కడ ఉండటానికి మొదట్లో గుడారమే దిక్కు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని, ఊరి బయట వాడల్లో ఉండే పేదల మధ్య పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. పెద్ద పదవి వచ్చింది కదా అని మద్రాసుకు తిరిగొచ్చేశారనుకుంటున్నారా? లేదండీ. అక్కడే గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన పెద్ద చర్చి కట్టించారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.