నడివయస్సులో గురజాడ

ద్వారకా నగర్ బస్ స్టేషన్‌లో విజయనగరం బస్సు ఎక్కే మన విద్యార్థులు రెండు గంటలలోపే గురజాడవారి ఊరు చేరుకుంటారు. ఆ మహనీయుని కాలంలో ఈ ప్రయాణానికి జిల్లా హద్దు అడ్డురాలేదు. విజయనగరం 1979 జూన్ 1న వేరు జిల్లాగా ఏర్పడేవరకు అదంతా విశాఖపట్నం జిల్లాయే. ఆయన జన్మించిన రాయవరం, యలమంచిలి చేరువనున్న మాతామహుల గ్రామం, నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఒక్క మనిషిని మూడు జిల్లాలవారు మావాడంటే మావాడని చెప్పుకోవడం చూస్తే ముచ్చటగానే ఉంటుంది.

గురజాడ వేంకట అప్పారావుగారిని గురించి మనవారు వ్రాసిన వ్యాసాలు కొల్లలు. ఆయనను యుగకర్త అన్నారు, మహాకవి అన్నారు, సంఘసంస్కర్త అన్నారు. అవన్నీ యథార్థాలే. అయితే ఆయన ఉద్యోగి, భర్త, ముగ్గురు బిడ్డల తండ్రి అన్న సంగతి ఆ బిరుదుల వెనుక మరుగుపడిపోయింది. తెలుగువారు ఆయనను ఏ రచనల వల్ల తలచుకుంటున్నారో వాటిలో అధిక భాగం నలభై అయిదేళ్ళు దాటిన తరువాత వెలువడినవే. ఆ వయస్సులో మనిషికి ఇల్లే లోకమవుతుంది. ఆ ఇంటికీ ఆ రచనలకూ ఉన్న సంబంధం ఏమిటన్నదే ఇక్కడ మా ఆలోచన.

బాల్యం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాము. 1862 సెప్టెంబరు 21న జననం. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. తండ్రిగారి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో తొలి చదువు సాగింది. పితృవియోగానంతరం విజయనగరం చేరిన ఆ పేద విద్యార్థికి మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు భోజన వసతులు కల్పించి ఆదుకున్నారు. అక్కడ సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారు. 1883లో ఆంగ్లంలో సారంగధర కావ్యం వ్రాస్తే, కలకత్తా నుండి రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చుకున్నారు. మాతృభాషలో వ్రాయవలసినదిగా సూచించినది కూడా ఆయనేనని చెబుతారు. ఆ సూచన వెంటనే ఫలించలేదు. 1885లో అప్పల నరసమ్మగారితో వివాహం, 1886లో బి.ఏ., కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తా పని, 1887లో తాము చదివిన కళాశాలలోనే అధ్యాపక పదవి. ఆ సంవత్సరమే పెద్ద కుమార్తె లక్ష్మీనరసమ్మ జననం. 1890లో కుమారుడు రామదాసు. చాలాకాలం తరువాత, 1902లో, చిన్న కుమార్తె కొండయ్యమ్మ.

ఈ తేదీలను మేము ఊరక ఏకరువు పెట్టడం లేదు. వీటిని కన్యాశుల్కం తేదీల ప్రక్కన ఉంచి చూడవలెను. విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ఆ నాటకాన్ని మొదటిసారి ప్రదర్శించినది 1892లో. దానికి చాలా ముందే ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం పుచ్చుకొని చేసిన పెళ్ళిళ్ళ పట్టిక వ్రాయించారు. మూడేళ్ళ లెక్కలో 1,034 వివాహాలు తేలాయి. వధువులలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. 1897లో అచ్చయిన నాటకానికి వ్రాసిన ఆంగ్ల పీఠికలో అప్పారావుగారు ఈ అంకెలు పొందుపరచారు.

అయిదేళ్ళ పిల్లలు తొంభై తొమ్మిది మంది! నాటకం రంగమెక్కిన ఏట ఆయన పెద్ద కుమార్తెకు సరిగా అయిదేళ్ళు. ఈ సామ్యాన్ని గూర్చి ఆయన ఎక్కడైనా ప్రస్తావించారని మేము చెప్పడం లేదు. కాని ఇంట్లో అయిదేళ్ళ ఆడపిల్ల తిరుగాడుతుండగా ఆ పట్టిక చదివిన తండ్రికి అది వట్టి అంకెల జాబితాగా కనిపించి ఉంటుందని అనుకోలేము. అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని అమ్మజూపినప్పుడు తల్లి వెంకమ్మ నూతిలో దూకే ఘట్టాన్ని సంస్కరణోపన్యాసాలు వినీ వినీ వ్రాయగలమా? ఆడపిల్లలున్న ఇంటి భయం తెలియనివారికి అది సాధ్యం కాదని మా నమ్మకం.

1897 మే నెలలో ఆనంద గజపతి పరమపదించారు. ఆయన కేవలం పోషకుడు కాదు, సాహిత్యమెరిగిన మిత్రుడు. కన్యాశుల్కం ఆయనకే అంకితం. అప్పటికి అప్పారావుగారికి ముప్పయి అయిదేళ్ళు నిండలేదు. మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పల కొండయాంబగారికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేయవలసి వచ్చింది. సంస్థానానికి వారసత్వ వివాదం చుట్టుకున్నది. దావా సంవత్సరాల తరబడి సాగింది. ఎస్టేటు వ్యవహారాలు, వకీళ్ళతో సంప్రదింపులు, ఉత్తరప్రత్యుత్తరాలు, మద్రాసు ప్రయాణాలు. దానికి తోడు సంస్థాన శాసన పరిశోధన, కళింగ చరిత్ర అధ్యయనం. శరీరం చూస్తే మొదటినుండీ దుర్బలమే.

మొదటి ముద్రణకూ 1909 నాటి రెండవ ముద్రణకూ మధ్య పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళను గురించి విమర్శకులు సాధారణంగా ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటారు. సంసారం, కొలువు కలిసి ఒక మహాకవి నోరు నొక్కివేశాయన్నది ఆ నిట్టూర్పునకు అర్థం. మేము ఏకీభవించలేము. ఆ కాలంలో కలం ఆగలేదు. దినచర్యలు, లేఖలు వ్రాస్తూనే ఉన్నారు. అంతకన్న ముఖ్యం, చెవి పనిచేస్తూనే ఉన్నది. కోర్టు పక్షులు, దొంగ సాక్షులు, తగవు పెంచి పొట్ట పోసుకునే పెద్దమనుషులు ఆ దావా రోజులలో ఆయనకు నిత్యపరిచితులై ఉండాలి. ఇంట అప్పల నరసమ్మగారు, పిల్లలు, వచ్చిపోయే బంధువుల మాటలు ఉండనే ఉన్నాయి.

రెండు కన్యాశుల్కాలనూ దగ్గర పెట్టుకొని చదివినవారికి ఇది తెలుస్తుంది. అయిదంకాల నాటకం ఏడంకాలది అయింది. పెరిగినది పొడుగు మాత్రమే కాదు. మొదటి దానిలో సమస్య కనిపిస్తుంది. రెండవ దానిలో మనుషులు కనిపిస్తారు. మధురవాణి స్వతంత్ర వ్యక్తిత్వంతో నిలబడింది. గిరీశం, రామప్పపంతులు, లుబ్ధావధాన్లు, బుచ్చమ్మ ఎవరి యాస వారిది, ఎవరి ఊతపదం వారిది. ముప్పయ్యేళ్ళ యువకుడు వ్రాసిన నాటకాన్ని నలభై ఆరేళ్ళ గృహస్థు తిరిగి వ్రాశాడు. ఆ రెండవ ముద్రణ పీఠిక క్రింద ఉన్న స్థలం ఉదకమండలం. కొలువుకూ ఇంటికీ దూరంగా నీలగిరి కొండలమీద కూర్చుని ఆయన తమ నాటకాన్ని సాగనంపారు. అప్పటికి చిన్న కుమార్తెకు ఏడేళ్ళు.

మా పాఠకులలో ఉర్దూ చదువుకున్నవారికి ఇక్కడ మీర్జా గాలిబ్ స్మరణకు రాకపోడు. యౌవనంలో గురజాడవారు ఆంగ్లాన్ని ఆశ్రయించినట్లే గాలిబ్ తన ప్రతిభకు పారశీకమే తగిన భాష అని తలచాడు. 1850లో, యాభై దాటిన వయస్సులో, బహాదుర్ షా జఫర్ కొలువులో తైమూరు వంశ చరిత్ర రచించే పని పడింది. ఆ పని ఒత్తిడిలో స్నేహితులకు పారశీకంలో తీర్చిదిద్ది ఉత్తరాలు వ్రాసే తీరిక లేక ఉర్దూలో మాట్లాడినట్లే వ్రాయసాగాడని ఆయన శిష్యుడు హాలీ యాద్‌గారె గాలిబ్‌లో చెప్పాడు. ఆ తీరిక లేనితనం నుండి ఉర్దూ వచనానికి నూతన జీవం వచ్చింది. హాలీ గ్రంథం వెలువడినదీ 1897లోనే. గాలిబ్ గృహజీవితం మాత్రం వేరు. కన్న బిడ్డలు ఏడుగురూ శైశవంలోనే పోయారు. పెంచుకున్న ఆరిఫ్ కూడా 1852లో కన్నుమూస్తే అతని పసివాళ్ళిద్దరినీ ఆ వయస్సులో తన ఇంట పెంచాడు.

మరల విజయనగరానికి వద్దాము. 1906 ప్రాంతంలో వాడుకభాషా వాదం తలెత్తింది. పాఠశాలల ఇన్స్పెక్టరు యేట్స్ దొర, మన విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగువారు, గురజాడవారు ఈ నలుగురూ ఒక త్రోవన నడిచారు. గిడుగువారిది వ్యాకర్త మార్గం. వాదించి నిరూపించడం ఆయన స్వభావం. అప్పారావుగారు వాదంతోపాటు వ్రాసి చూపించారు. 1910లో ముత్యాల సరాలు, ఆ ఫిబ్రవరి ఆంధ్రభారతిలో దిద్దుబాటు కథ. ముత్యాల సరం నడకకు పారశీక గజల్ ప్రేరణ అని కొందరు పండితులు, మన రగడలలోనే ఆ గతి ఉన్నదని మరికొందరు చర్చించుకున్నారు. రెండు భాషల నీడన నడిచే మన పత్రిక పాఠకులకు ఆ చర్చయే ప్రీతిపాత్రం కాగలదు.

దిద్దుబాటు కథ ఏమిటి? సంస్కరణ కబుర్లు చెబుతూ రాత్రి పొద్దుపోయేదాకా ఇల్లు పట్టని గోపాలరావు; అతనికి బుద్ధి చెప్పడానికి ఒక ఉత్తరం వ్రాసిపెట్టి మాయమయిన భార్య కమలిని. ఉద్ధరణ ఇంటినుండి మొదలు కావాలని చెప్పే ఈ కథను ఇరవై అయిదేళ్ళ దాంపత్యం గడిచిన మనిషి వ్రాశారు. పూర్ణమ్మ గేయంలో ముసలి మగనికి ముడిపెట్టబడిన పసిపిల్ల, కన్యక గేయంలో మదించిన రాజును ఎదిరించిన కోమటిపిల్ల. చూడండి, నడివయస్సు రచనలన్నింటా ఇల్లు, కూతురు, భార్య. దేశభక్తి గేయంలో సైతం దేశమంటే మనుషులేనన్నప్పుడు ఆయన కన్ను వారి తిండి మీద, కండబలం మీద ఉన్నది. ఇవి ఇల్లు నడిపేవాడి చింతలు.

ఇంతమాత్రాన అంతా సుఖంగా సమకూడిందని అనరాదు. రచనకు మిగిలినది బహు స్వల్పకాలం. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయంవారు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యత్వమిచ్చారు. 1912లో వంగ సాహిత్య పరిషత్తువారి ఆహ్వానంపై కలకత్తా వెళ్ళివచ్చారు. రాణీవారి అనంతరం, 1913లో, కొలువు విడిచారు. ఇక తీరిక దొరికినదని అనుకోబోయేంతలో గ్రాంథిక వాదుల బలం హెచ్చింది. వారి అభిప్రాయాన్ని త్రోసిపుచ్చుతూ 1914లో విశ్వవిద్యాలయానికి ఆంగ్లంలో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. క్షీణిస్తున్న ఆరోగ్యంతో నెలల శ్రమ ధారపోసి వ్రాసిన ఆ పత్రం ఒక పాండిత్య నిధి. ఆ శ్రమలో సగమైనా మరొక నాటకానికి దక్కి ఉంటే బాగుండుననే స్వార్థం మాకు లేకపోలేదు. ఆ పత్రం ఆనాడు గెలవలేదు కూడాను.

భర్తగా, తండ్రిగా ఆయన లోటు చేశారా, లేదా అని తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. అప్పల నరసమ్మగారు తమ మాటలలో ఆ జీవితాన్ని చెప్పి ఉంటే ఎంత మేలు! మహాకవుల భార్యల జీవితాలు మన సాహిత్య చరిత్రలలో వివాహ సంవత్సరంతో మొదలై ఆ వాక్యంతోనే ముగుస్తాయి. కమలిని చేత ఉత్తరం వ్రాయించిన కవి ఇంట్లోనూ అంతే అయింది. ఇది మాకు వెలితిగా తోస్తుంది.

1915 నవంబరు 30న అప్పారావుగారు విజయనగరంలో కన్నుమూశారు. వయస్సు యాభై మూడు. కొలువు వీడిన తరువాత పట్టుమని మూడేళ్ళు లేవు. కొండయ్యమ్మకు అప్పటికి పదమూడేళ్ళు. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు అసంపూర్తిగా మిగిలాయి. అవసరాల సూర్యారావు ప్రభృతుల కృషితో ఆయన దినచర్యలు, లేఖలు చాలాకాలం తరువాత గ్రంథరూపం దాల్చాయి. విజయనగరంలో ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచి ఉన్నది.