శస్త్రవైద్య దిగ్గజం అబుల్ ఖాసిమ్ జహ్రావీ

నేటి స్పెయిన్‌లోని అధిక భాగాన్ని ముస్లింలు పాలించిన రోజులవి. ఆ దేశాన్ని అందలుస్ అనేవారు. దాని రాజధాని ఖుర్తుబా. క్రీ.శ. 936లో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఆ నగరం పక్కనే మదీనతుజ్జహ్రా అనే కొత్త పట్టణానికి పునాది వేయించారు. సుమారు ఆ కాలంలోనే అక్కడ జన్మించారు హకీమ్ అబుల్ ఖాసిమ్ ఖలఫ్. ఊరి పేరును బట్టే ఆయన జహ్రావీ అయ్యారు.

ఆయన జీవిత వివరాలు మనకు అందినవి తక్కువ. 1010లో అంతర్యుద్ధంలో జహ్రా పట్టణం దోపిడీకి గురై పాడుబడింది. సుమారు 1013లో ఆయన కన్నుమూశారు. మిగిలింది అత్తస్రీఫ్ అనే ఆయన మహాగ్రంథం. అందులో 30 భాగాలు. చివరి భాగమంతా శస్త్రవైద్యమే. దాదాపు 200 పరికరాల బొమ్మలను కూడా అందులో గీసి చూపారు.

దెబ్బ తగిలిన మనిషిని ఎలా చూడాలో ఈ గ్రంథం నేర్పుతుంది. ముక్కు ఎముక విరిగితే ఆలస్యం చేయకుండా లోపలి నుంచి పైకెత్తి సరిచేయాలన్నారు. లేకపోతే అది వంకరగానే అతుక్కుంటుంది. లోపల పెట్టే గుడ్డ వత్తులను పక్షి ఈకల కాడలకు చుట్టవచ్చని, అలా చేస్తే ఊపిరికి దారి ఉంటుందని సూచించారు. దవడ విరిగి పళ్లు కదిలితే బంగారు తీగతోనో పట్టుదారంతోనో వాటిని కలిపి కట్టమన్నారు. పక్కటెముక విరిగి లోపలికి గుచ్చుకుంటే దగ్గు, ఆయాసం, పొడిచినట్లు నొప్పి వస్తాయని, రక్తం కూడా పడవచ్చని గుర్తులు చెప్పారు. ఛాతీలో బాణం దిగినచోట నురగతో కూడిన రక్తం వస్తే ఊపిరితిత్తికి గాయమైందని గ్రహించాలన్నారు. ముక్కు మొదట్లో, కంటి మూలన దిగిన ఒక బాణాన్ని తానే చెవి కింద నుంచి తీశానని, ఆ మనిషి కోలుకున్నాడని రాసుకున్నారు.

ఇంత నేర్పు ఉన్న ఆయనే తొందరపాటును గట్టిగా హెచ్చరించారు. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టడం ప్రాణాలు తీయడమే అన్నారు. మెడ మీద గడ్డ కోయబోయి రక్తనాళం తెంపి, ఒక స్త్రీ ప్రాణం పోవడానికి కారణమైన వైద్యుణ్ణి ఉదాహరణగా చూపారు.

వెయ్యేళ్లు గడిచాయి. స్కానింగులు, ఆపరేషన్ థియేటర్లు వచ్చాయి. అయినా రోడ్డు ప్రమాదం జరిగినచోట ఆ హెచ్చరిక అవసరం తీరలేదు. ఛాతీలో గుచ్చుకున్న ఇనుప చువ్వను చూడగానే లాగేయాలని మన చేయి ముందుకు పోతుంది. లాగకూడదు. రక్తాన్ని ఆపుతున్నది అదే కావచ్చు. ముఖానికి దెబ్బ తగిలితే ముందు చూడవలసింది అందం కాదు, ఊపిరి. స్పృహ ఉంటే, కూర్చోగలిగితే ముందుకు వంచి కూర్చోబెట్టి నోట్లోని రక్తాన్ని ఉమ్మనివ్వాలి. పళ్ల వరుస కలవకపోయినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. పక్కటెముకలు విరిగాయని ఛాతీ చుట్టూ బిగించి కట్టకూడదు. 108కి ఫోన్ చేసి త్వరగా ఆసుపత్రికి చేర్చాలి.

12వ శతాబ్దంలో తులైతులా నగరంలో గెరార్డ్ జహ్రావీ శస్త్రవైద్య భాగాన్ని లాటిన్‌లోకి అనువదించారు. ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి దాన్ని చదివారు. చేయి వేసే ముందు కళ్లతో చూడమన్న ఆ గురువు పాఠం మన ఇళ్లలోని పెద్దలకూ పిల్లలకూ పనికొచ్చేదే.