మా ఇంటి సంగతి మీకెందుకన్న చోట...

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. ఆ సామెత చాటున ఎన్ని ఇళ్ళలో ఎన్ని దెబ్బలు దాగిపోయాయో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? 1992లో మా ఆత్మకూరుకు ఎగువన, ఉదయగిరి వైపున్న దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడానికి బయల్దేరినప్పుడు కూడా, తాగేవాడి ఇంటి గొడవ వీధిలోకెందుకని అడిగినవాళ్ళున్నారు. వీధిలోకి వచ్చింది కనుకే 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది.

దేశాలూ ఇదే మాట చెబుతాయి. మా గడ్డ మీద ఎవరినెట్లా చూస్తే మీకేం అంటాయి. ఐక్యరాజ్యసమితి పుట్టిన మరుసటి ఏడాదే ఆ మాటకు ఎదురు నిలిచింది మన దేశపు ఆడపడుచు విజయలక్ష్మీ పండిట్. నెహ్రూ గారి చెల్లెలనే అందరికీ గుర్తు. నాకు మాత్రం ఆవిడ ఆ పోరాటంతోనే గుర్తుంటారు.

1900 ఆగస్టు 18న అలహాబాదులో మోతీలాల్ నెహ్రూ ఇంట పుట్టారు. అసలు పేరు స్వరూప్ కుమారి. చదువంతా ఇంట్లోనే సాగింది. 1921లో రంజిత్ పండిట్‌ను పెళ్ళాడి విజయలక్ష్మి అయ్యారు. స్వాతంత్య్ర పోరాటంలో మూడుసార్లు జైలుకెళ్ళారు. 1937లో సంయుక్త రాష్ట్రాల్లో మంత్రిగా పనిచేశారు.

1944 జనవరిలో భర్త పోయారు. జైల్లో చెడిన ఆరోగ్యం ఆయనకు మళ్ళీ కుదుటపడలేదు. ముగ్గురూ ఆడపిల్లలే, మగబిడ్డ లేడు. కాబట్టి ఉమ్మడి ఆస్తిలో తల్లికీ పిల్లలకీ హక్కు లేదన్నారు. మంత్రిగా చేసిన మనిషికే ఆ గతి పడితే మామూలు ఇల్లాలి మాటేమిటి? ఆడవాళ్ళ ఆస్తి హక్కును గట్టిపరచిన వారసత్వ చట్టం 1956లో గానీ రాలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ న్యూయార్క్‌లో ఉన్నారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు కూలికి పోయినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బిడ్డలు ఎక్కడ ఇల్లు కొనుక్కోవాలో, ఎక్కడ కొనకూడదో చెబుతూ 1946లో దక్షిణాఫ్రికా చట్టం చేసింది. అక్కడి భారతీయులు సత్యాగ్రహానికి దిగారు, ఆడవాళ్ళు కూడా జైళ్ళకు పోయారు. మన దేశం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. మన బృందానికి నాయకురాలు విజయలక్ష్మి.

ఎదుట ఉన్నది జనరల్ స్మట్స్. సమితి నియమావళి పీఠికలో మానవ హక్కుల మాట చేరడంలో ఆయన చెయ్యి ఉంది. అదే పెద్దమనిషి ఇప్పుడు, ఇది మా అంతర్గత వ్యవహారం, అడిగే అధికారం సమితికి ఉందో లేదో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చాలి అన్నారు. విజయలక్ష్మి ఒప్పుకోలేదు. రంగు చూసి మనిషిని వెలివేయడం లోకమంతటికీ సంబంధించిన నీతి ప్రశ్న అని వాదించారు. అప్పటికింకా మనకు స్వాతంత్య్రమే రాలేదు!

డిసెంబరు 8న ఓటింగు. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. కావలసిన మూడింట రెండొంతులకు సరిగ్గా సరిపోయింది. గెలిచాక ఆవిడ స్మట్స్ దగ్గరికి వెళ్ళి, నొప్పించి ఉంటే మన్నించమన్నారు. ద్వేషం వద్దన్నది గాంధీగారి బోధ మరి. నీది ఉత్తుత్తి గెలుపమ్మా, దీంతో నేను పదవి పోగొట్టుకుంటాను అన్నారట ఆయన. 1948లో నిజంగానే ఓడారు. వచ్చినవాళ్ళు వర్ణవివక్షను ఇంకా కరుడుగట్టించారు.

మరి సమితి ఏం సాధించినట్టు? తీర్మానానికి పోలీసులు లేరు, జైళ్ళు లేవు. పెద్ద దేశాలకు వీటో ఒకటి. ఈ సంస్థల పెత్తనం బలహీనుల మీదేనన్న అనుమానమూ ఊరికే పుట్టలేదు. కానీ ఆ ప్రశ్న మళ్ళీ సభ వదల్లేదు. 1974లో దక్షిణాఫ్రికాను సర్వసభ్య సభలో కూర్చోనివ్వలేదు. 1994లో నల్లవాళ్ళు ఓటేశారు. ఒకప్పుడు మీకెందుకన్న ఆ దేశమే 2023 డిసెంబరులో గాజా ప్రజల తరఫున అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది.

విజయలక్ష్మి 1953లో సర్వసభ్య సభకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. మాస్కో, వాషింగ్టన్, లండన్‌లలో మన దేశానికి ప్రతినిధిగా ఉన్నారు. అయితే ఆవిడకు అసలు పరీక్ష ఇంట్లోనే ఎదురైంది. 1975లో మేనకోడలు ఇందిర ఎమర్జెన్సీ పెట్టారు. పరాయి దేశాన్ని నిలదీసిన నోరు సొంత ఇంటి దగ్గర మూతపడితే ఆ పాత వాదనకు విలువేముంటుంది? 1977 ఎన్నికల్లో డెబ్బయ్యారేళ్ళ వయసులో ఆవిడ బయటికొచ్చి, మేనకోడలి పార్టీకి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. తరువాత సమితి మానవ హక్కుల కమిషన్‌లోనూ మన తరఫున కూర్చున్నారు. 1990 డిసెంబరు 1న డెహ్రాడూన్‌లో కన్నుమూశారు.

అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒప్పందం మీద మన దేశం ఇంతవరకూ సంతకం పెట్టలేదు. అందుకు మన ప్రభుత్వాల కారణాలు మన ప్రభుత్వాలకు ఉన్నాయి. కానీ బయటివాళ్ళు మన గురించి అడిగినప్పుడల్లా అది మా ఇంటి విషయమని కసురుకునే ముందు, 1946లో మనం ఎటువైపు నిలబడ్డామో ఒక్కసారి తలుచుకోవడం మంచిది. మన పిల్లలకూ చెప్పాల్సిన కథ ఇది.