ఏడ్రియన్ హావర్తు పండితుని చరిత్రము

మన దేశమున ననేకుల యిండ్లలో కుండలయందు పెంచబడుచు, సంవత్సరమునకు కొలది రాత్రులు మాత్రమే పూచి, తెల్లవారునప్పటికి వాడిపోవు నొక పెద్ద తెల్లని పువ్వు గలదు. జనులు దీనిని బ్రహ్మకమలమని పిలుచుచున్నారు. మొగ్గ విచ్చు రాత్రి ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుట వాడుక. మేమును ఒకమారు అట్లు పిలువబడి, నిద్రమాని, ఆ పువ్వు మెల్లమెల్లగా విచ్చుటను చూచి ఆనందించితిమి. కాని నిజమైన బ్రహ్మకమలము హిమాలయములపై పెరుగు వేరొక మొక్క. మన కుండలోనిది మెక్సికో, మధ్య అమెరికా దేశముల యడవులలో చెట్లకొమ్మలపై పెరుగు జెముడుజాతి మొక్క. దీని శాస్త్రనామము ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. 1829వ సంవత్సరమున దీనిని ఈ పేరిట నిలిపిన ఆంగ్లేయుని చరిత్రము మన చదువరులలో పెక్కుమంది యెరుగరు గావున, ఇచట కొంత వ్రాయ నెంచితిమి.

ఏడ్రియన్ హార్డీ హావర్తు 1767వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదిని ఇంగ్లండు దేశమున హల్ నగరమున జన్మించెను. కుటుంబము కలిగినది. పెద్దలు అతనిని న్యాయశాస్త్రమునకు నియమించి, ఒక వకీలువద్ద పని నేర్పించిరి. అతడు ఆ పని నేర్చెను గాని, ఆస్తి చేతికి వచ్చినంతనే దానిని విడిచిపెట్టి, పురుగులను మొక్కలను పరిశోధించుటకే తన కాలమంతయు నర్పించెను. బిడ్డల భవిష్యత్తునుగూర్చి చింతించు తల్లిదండ్రులకు ఈ సంగతి రుచింపకపోవచ్చును. పిత్రార్జితమైన ధనము లేనిచో అతడట్లు చేయగలిగియుండునా యని మాకును సందేహమే. అయినను, ధనముగల యువకులు వేటలయందును విందులయందును ప్రొద్దుపుచ్చుచున్న ఆ కాలమున, ఇతడు లండను చేరువనున్న చెల్సీలో ఇల్లు చేసికొని, కుండలలో ముండ్లమొక్కలు పెంచుకొనుచుండెను.

సీతాకోకచిలుకలను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము 1803 మొదలు 1828 వరకు భాగములుగా వెలువడినది. ఒక గ్రంథమునకు ఇరువదియైదు సంవత్సరములు! ఆ దేశపు సీతాకోకచిలుకల విషయమున చిరకాలము అదియే ప్రమాణమై యుండెను. కాని మేమిచట చెప్పదలచినది అతని మొక్కల విషయము.

సామాన్యముగా వృక్షశాస్త్రజ్ఞులు మొక్కను కాగితముల నడుమ నొత్తి, యెండబెట్టి, అట్టకు అంటించి దాచుకొందురు. రసముతో నిండిన మొక్కలకు ఈ పద్ధతి పనికిరాదు. జెముడును కాగితములో నొత్తినచో కుళ్ళిపోవును, లేదా నెలలకొలది చావక యుండును. ఎండినను అసలు రూపము దానియందు నిలువదు. అందువలన పెక్కుమంది పండితులు వానిజోలికి పోకుండిరి. హావర్తు బ్రదికియున్న మొక్కలనే పెంచి, కియూలోని రాజోద్యానమునకు పోయి అచటివానిని పరీక్షించి, కంటితో చూచినదానిని లాటిను భాషలో వ్రాసికొనెను. దక్షిణాఫ్రికానుండి వచ్చిన చిన్న మొక్కల జాతి కొకదానికి ఫ్రాన్సు దేశీయుడగు దువాలు 1809లో హావర్థియా యని యితని పేరే పెట్టెను.

1753లో లిన్నేయసు మహాశయుడు తా నెరిగిన 22 విధముల జెముళ్ళనన్నిటిని కాక్టస్ అను నొక్క జాతిలోనే చేర్చెను. గుండ్రనివి, స్తంభములవంటివి, చెట్లపై వ్రేలాడునవి, అన్నియు నొక్కటే. మరుసటి సంవత్సరమే చెల్సీ ఔషధవనమున తోటమాలిగా నున్న మిల్లరు నాగజెముడు మున్నగువానిని వేరుపరచెను. 1812లో హావర్తు తన రసభరిత వృక్షసంగ్రహమున మరికొన్నిటిని విడదీసెను. అందు నొకటి ఎపిఫిల్లమ్. ఆకుపై నున్నది యని దాని యర్థము. ఈ మొక్కకు ఆకువలె పలుచగానున్న భాగము నిజమునకు కాండము. దాని యంచునుండి పువ్వు వచ్చుటచేత ఆ పేరు కలిగినది.

ఈ మొక్కలు మామిడిచెట్టుపై బదనికవలె చెట్టురసమును పీల్చునవి కావు. కొమ్మల పంగలలో చేరిన కుళ్ళిన ఆకులయందు వేళ్ళూని, వాననీటితో బ్రదుకును. వీనిలో కొన్ని రాతిసందులలో నాచునడుమ కూడ పెరుగును. మొక్కకు కొమ్మయైనను రాయియైనను చాలవరకు నొక్కటే. రెండుచోట్లను మన్ను స్వల్పము, నీరు వెంటనే జారిపోవును. దట్టమైన యడవిలో ఎండ తక్కువ గావున, వెలుతురు నందుకొనుటకై కాండము ఆకువలె వెడల్పగుచున్నది. ఎడారి జెముళ్ళకున్న గట్టి ముండ్లు వీనికి సాధారణముగా నుండవు.

ఇచటనే హావర్తు పొరబడెను. బ్రెజిలు దేశమున రియో దె జనీరో చేరువ పర్వతములలో చెట్లపైనను రాళ్ళపైనను పెరుగు నొక మొక్క ఇంగ్లండునకు రాగా, దాని పలుచని కాండమును చూచి, 1819లో దానికి ఎపిఫిల్లమ్ ట్రంకేటమ్ అని పేరు పెట్టెను. కాని దాని పువ్వు వేరు. ఎరుపువన్నె గలది, రేకులు వెనుకకు మడిగి, పువ్వంతయు నొకప్రక్కకు వంగియుండును. తరువాతి పండితులు దీనిని గమనించిరి. 1890లో షూమన్ దానిని వేరుజాతిగా చేసెను. 1953లో మొరాన్ దానిని ష్లుంబెర్గెరా యను జాతిలో చేర్చెను. నేటి జన్యుపరీక్షలవలన తెలిసిన దేమనగా, బ్రహ్మకమలమును ఈ బ్రెజిలు మొక్కయు జెముడు వంశమున రెండు వేరుశాఖలకు చెందినవి. చెట్లపై నివసించుట ఆ శాఖలలో వేరువేరుగా నేర్పడినది. నివాసము నొక్కతీరు గానుండుటచే దేహము నొక్కతీరు అయ్యెను గాని, వంశ మొక్కటి గాదు.

ఇందులకు హావర్తును నవ్వుట న్యాయము గాదు. మన పొలముల గట్లపై నున్న బొంతజెముడును నేటికిని మనము నాగజెముడునకు చుట్ట మనుకొనుట లేదా? బొంతజెముడు విరిచిన పాలు కారును. నాగజెముడు విరిచిన కారవు. మొదటిది ఆముదపు వంశమునకు దగ్గరిది, రెండవది అమెరికానుండి వచ్చినది. విద్యార్థులు పాలు కంటిలో పడకుండ జాగ్రత్తపడుచు దీనిని స్వయముగా చూడవచ్చును.

హావర్తుపై మరియొక నింద గలదు. స్వల్పభేదమునకే క్రొత్త పేర్లు పెట్టెననియు, వర్ణనలు రెండుమూడు పంక్తులే యనియు, ఎండిన నమూనాలు లేనందున ఏ పేరు ఏ మొక్కదో తేల్చుట కష్టమనియు తరువాతివారు విసిగిరి. ఈ నింద కొంతవరకు నిజమే. కియూలో డంకన్సన్ అను చిత్రకారుడు ఆ మొక్కలలో పెక్కింటిని చూచి వ్రాసిన రంగుబొమ్మలే నేటికిని పండితులకు సాయపడుచున్నవి.

1817లో బంగాళమున విజృంభించిన కలరా దేశదేశములు తిరిగి 1831లో ఇంగ్లండు చేరెను. 1833వ సంవత్సరము ఆగస్టు 24వ తేదిని చెల్సీలో హావర్తు ఆ వ్యాధిచేతనే మరణించెను. అప్పటి కతని వయస్సు 66 సంవత్సరములు. బ్రహ్మకమలమునకు పేరు పెట్టి నాలుగేండ్లే యయ్యెను. అతని యెండుమొక్కల సంగ్రహమును ఫీల్డింగు అను నతడు కొనెను. తరువాత నది ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు చేరెను. అతడు పొరబడిన బ్రెజిలు మొక్కను మరియొకదానితో సంకరముచేసి, ఆ శతాబ్ది మధ్యమున ఇంగ్లండు తోటమాలులు పుట్టించిన మొక్క చలికాలమున పూయును. దానినే అచటివారు క్రిస్మసు జెముడు అని పిలుచుచున్నారు.