గిరిగారి ఎన్నికల వ్యాజ్యములు

షోలాపూరు లోక్‌సభ నియోజకవర్గమునుండి 1952, 1957 సంవత్సరముల ఎన్నికలలో ఇద్దరేసి సభ్యులు ఎన్నుకొనబడిరి. ఒక స్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది; రెండవది సామాన్యస్థానము. కొంతం చౌకు ప్రాంతపు నేతపనివారును ఆనాడు రెండేసి ఓట్లు గలవారే. రెండును ఒకే అభ్యర్థికి వేయుటకు మాత్రము వీలులేదు. 2009 నుండి ఆ నియోజకవర్గము షెడ్యూల్డు కులములకే ప్రత్యేకింపబడియున్నది గనుక, రెండు ఓట్ల ముచ్చట నేటి యువకులకు వింతగా తోచును. అట్టి ద్విసభ్య నియోజకవర్గమే ఆంధ్రదేశమున పార్వతీపురము. అచ్చట పుట్టిన వ్యాజ్యమునకు కర్త వరాహగిరి వేంకటగిరిగారు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్యపంతులుగారు న్యాయవాది. న్యాయశాస్త్రాభ్యాసమునకై డబ్లినుకు వెళ్లిన కుమారుడు ఐర్లండు స్వాతంత్ర్యవాదుల సాంగత్యమువలన 1916లో ఆ దేశము విడువవలసివచ్చెను. పిదప బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచి, అఖిలభారత ట్రేడుయూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

1937లో ఆయన బొబ్బిలిలో బొబ్బిలిరాజానే ఎదుర్కొనిరి. రాజా అప్పటికి మద్రాసు ప్రధానమంత్రి, జమీందారు. ఆస్తి మొదలగు అర్హతలు గలవారికే ఓటుండిన దినములవి. అయినను రాజా ఓడిపోయెను. ధనబలమును గూర్చి నిరాశపడువారు ఈ ఎన్నికను ఒకమారు స్మరించుట మంచిది.

ఇరువది సంవత్సరముల పిమ్మట, 1957లో, పార్వతీపురమున గిరిగారికి ఓటమి తటస్థించెను. గిరిజనులకు ప్రత్యేకించిన స్థానము, అధికసంఖ్యలో ఓట్లు పొందిన గిరిజన అభ్యర్థికి చెందెను. మిగిలిన వారిలో గిరిగారికంటె డిప్పల సూరిదొర అను మరియొక గిరిజనునికి ఓట్లెక్కువ. భేదము 565 ఓట్లే. శాసనానుసారముగా సామాన్యస్థానము సూరిదొరకు దక్కెను.

ప్రత్యేకస్థానమునకై నిలిచినవాడు సామాన్యస్థానమున కూర్చుండరాదని గిరిగారు వ్యాజ్యము వేసిరి. ఇంతలో వారు ఉత్తరప్రదేశ్ గవర్నరైరి. వ్యాజ్యము మాత్రము నడచుచునేయుండెను. హైకోర్టున ఓడి సుప్రీంకోర్టునకు పోగా, 1959లో అచ్చటను సూరిదొరయే గెలిచెను. ప్రత్యేకస్థానము గిరిజనునికి కనీసరక్షణయే గాని, సామాన్యస్థానమున అతనికి అడ్డుగోడ కాదనుట ఆ తీర్పు సారము. శ్రమజీవుల పక్షమున జీవితము గడపిన గిరిగారు ఈ వాదమును చేపట్టకుండినచో వారి కీర్తికి మరింత శోభ కలిగియుండెడిదని మా అభిప్రాయము. 1961 నాటి శాసనముచే ద్విసభ్య నియోజకవర్గములే రద్దయ్యెను.

వాదిగా ఓడిన గిరిగారు పదునొకండేండ్లకు ప్రతివాదిగా అదే న్యాయస్థానమునకు రావలసివచ్చెను. 1969 మే నెలలో జాకిర్ హుసేన్‌గారు మరణింపగా, ఉపరాష్ట్రపతియైన గిరిగారు రాష్ట్రపతి బాధ్యతలను వహించి, జూలైలో రాజీనామా చేసి, స్వతంత్రులుగా పోటీకి దిగిరి. కాంగ్రెసు నిలిపిన అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. మూడవ ముఖ్య అభ్యర్థి చింతామణి దేశముఖ్‌గారు. మొదటి ప్రాధాన్యపు ఓట్లతో ఎవరికిని ఆధిక్యము రాలేదు. రెండవ ప్రాధాన్యములు కలుపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువగల ఓట్లు వచ్చెను.

ఎన్నికకు ముందు రెడ్డిగారి శీలమును నిందించు కరపత్రమొకటి, ప్రచురించినవారి పేరు లేనిది, పార్లమెంటు సెంట్రల్ హాలులోనే చేతులు మారినది. ఓటర్లపై అక్రమప్రభావము చూపిరని శివకృపాల్ సింగ్ ప్రభృతులు సుప్రీంకోర్టున పిటిషను వేసిరి. పదవిలోనున్న రాష్ట్రపతి స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. అంతకుముందు ఏ రాష్ట్రపతియు అట్లు చేయలేదు. న్యాయమూర్తి సిక్రీగారి నాయకత్వమున ఐదుగురు న్యాయమూర్తులు విచారించి, 1970 మే 11న పిటిషనును కొట్టివేసిరి. కరపత్రము పంచబడుట నిజమేయని కోర్టు అంగీకరించినది. గిరిగారి సమ్మతితో జరిగెననుట మాత్రము రుజువు కాలేదు.

ఆ ఎన్నికలో పదునైదుగురు నిలిచిరి. అందు ఒక్క ఓటైనను రానివారును గలరు. 1974లో శాసనము సవరింపబడి, అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులును, పదిమంది బలపరచువారును, 2,500 రూపాయల ధరావతును అవసరమయ్యెను. అదే సంవత్సరమున గిరిగారు పదవి విడిచిరి. 1977లో 37 నామినేషనులు రాగా 36 చెల్లకపోయెను. మిగిలిన ఒక్క పేరు సంజీవరెడ్డిగారిది. పోలింగు లేకయే వారు రాష్ట్రపతియైరి. గిరిగారు దానిని చూచి, 1980 జూన్ 24న మద్రాసున కన్నుమూసిరి.