ఐసీఎస్‌ను కాదనుకున్న ముండా బిడ్డ – జైపాల్ సింగ్

1903 జనవరి 3న, నేటి ఝార్ఖండ్‌లోని ఖుంటి ప్రాంతంలో, టక్రా అనే చిన్న ముండా గూడెంలో జైపాల్ సింగ్ జన్మించారు. చిన్నతనంలో పశువులు కాశారు. తర్వాత రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ పాఠశాలలో చేరారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు కాస్‌గ్రేవ్ ఈ కుర్రవాడి చురుకుదనం గమనించి, పైచదువుల కోసం ఇంగ్లండు తీసుకెళ్లారు. ఒక గురువు గుర్తించడం, ఒక శిష్యుడు ఆ అవకాశాన్ని వదలకపోవడం – ఆయన జీవితం అక్కడే మలుపు తిరిగింది.

ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో ఆయన అర్థశాస్త్రం చదివారు. చదువుతో పాటు హాకీలోనూ రాణించి విశ్వవిద్యాలయం ఇచ్చే 'బ్లూ' గౌరవం పొందారు. ఆ తర్వాత ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఆ రోజుల్లో భారతీయుడికి అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు.

సరిగ్గా అప్పుడే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకత్వం ఆయనకు దక్కింది. శిక్షణలో ఉన్నందున సెలవు ఇవ్వలేదు. అయినా వెళ్లారు. లీగ్ పోటీల్లో జట్టును నడిపించారు. ఫైనల్లో ఆయన ఆడలేదు గానీ, ఒక్క గోలూ ఇవ్వకుండా భారత్ హాకీలో తన తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. తిరిగి వచ్చాక శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదులుకున్నారు.

ఆ తర్వాత దారి సాఫీగా ఏమీ సాగలేదు. బర్మా షెల్ చమురు కంపెనీలో పనిచేశారు. ఆఫ్రికాలో, నేటి ఘనాలోని అచిమోటా కళాశాలలో పాఠాలు చెప్పారు. రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కళాశాలలోనూ, బికనేర్ సంస్థానంలోనూ బాధ్యతలు చూశారు. ముప్పై అయిదేళ్ల వయసు వచ్చాక గానీ తన అసలు పని ఏదో ఆయనకు తేటతెల్లం కాలేదు. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించారు. ఆనాటి నుంచి తన జాతి జనం ఆయనను 'మరంగ్ గోమ్కే', అంటే మహానాయకుడు అని పిలుచుకున్నారు.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆక్స్‌ఫర్డ్ చదువు, వాదనా పటిమ అక్కడ అక్కరకొచ్చాయి. భూమి హక్కు కోసం, చట్టసభల్లో ఆదివాసీల ప్రాతినిధ్యం కోసం పట్టుబట్టారు. మనల్ని వనజాతి అనకుండా ఆదివాసీ అనే పిలవాలని వాదించారు. ఆ పదాన్ని రాజ్యాంగం తీసుకోలేదు. ఆ సభ ఆమోదించిన అయిదో షెడ్యూలే ఈనాడు మన పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీ ప్రాంతాలకు అండ.

1952 ఎన్నికల్లో ఆయన ఝార్ఖండ్ పార్టీ బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఆ నిర్ణయం అనుచరుల్లో చాలామందిని బాధపెట్టింది. 1970 మార్చి 20న ఢిల్లీలో కన్నుమూశారు. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ ఏర్పడింది. ఇప్పుడు ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరుతోనే గిరిజన విద్యార్థులను విదేశీ చదువులకు పంపుతోంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డిగ్రీ చేతికి రాగానే ఏ కోర్సు, ఏ కొలువు అని మనం తల్లడిల్లుతాం. చాలా ఇళ్లలో మనదే తొలి తరం చదువు, అడిగి తెలుసుకుందామంటే చెప్పేవారు ఉండరు. జైపాల్ సింగ్‌ను చూసి ఎవరూ చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. గమనించాల్సింది వేరే ఉంది. ఆయన చదివిన అర్థశాస్త్రం ఐసీఎస్‌తోనే ముగిసిపోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత రాజ్యాంగ సభలో పనికొచ్చింది. మొదటి ఉద్యోగమే చివరిది కాదు. మీ చురుకుదనం గమనించిన మాస్టారు ఒక్కరున్నా వెళ్లి అడగండి. మీకు దారి దొరికాక, వెనక వచ్చే పిల్లలకు మీరే ఆ మాస్టారు కావాలి.